ఇంటి నుంచి వెనక షెడ్డుకి భూమిలోంచి ఫోన్ లైన్ ఎలా వేసుకోవాలి

చెన్నై అంబత్తూరులో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. నాన్న రోజులో సగం అక్కడే ఉంటారు, చెక్కపని చేసుకుంటూ. కప్పూ రేకే, మూడు గోడలూ రేకే కావడంతో లోపల సెల్‌ఫోన్‌కి సిగ్నల్ నిలవదు. 2014లో ఒకరోజు ఆయన స్టూలు మీంచి జారిపడి పావుగంట సేపు లేవలేకపోయారు. అమ్మ వంటింట్లోనే ఉంది. కుక్కర్ విజిళ్ల మధ్య ఆయన పిలుపు వినపడలేదు. షెడ్డులో వైరు ఫోన్ పెట్టాలని ఆ సాయంత్రమే అనుకున్నాం.

మొదటిసారి ఒక ఎలక్ట్రీషియన్‌కి అప్పగించాం. ఆయన ఇంటి లోపల వాడే మామూలు టెలిఫోన్ వైరునే అరంగుళం పైపులో వేసి, సగం దూరంలో వైరు చాలకపోతే టేపు చుట్టి అతుకు పెట్టి, జానెడు లోతులో పూడ్చారు. 2015 డిసెంబరు వానలకి పెరట్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. ముందు గరగరమని శబ్దం, తర్వాత షెడ్డు ఫోన్ పోయింది, దాంతో పాటే ఇంట్లో ఫోనూ పోయింది. తవ్వి చూస్తే అతుకు దగ్గర రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. 2016 ఫిబ్రవరిలో మేమే తవ్వి మళ్లీ వేశాం. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను నీళ్లలో కూడా ఆ లైన్ చెక్కుచెదరలేదు. ఆ రెండోసారి ఎలా వేశామో అదే ఇక్కడ చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం. భూమిలో వేసిన పైపులోకి నీళ్లు వస్తాయి. ఎంత బాగా అతికించినా, బయటి నుంచి రాకపోతే లోపలి గాలిలోని తేమే చెమ్మగా మారి అడుగున చేరుతుంది. అందుకని నీళ్లు రాకుండా ఆపడం గురించి కాకుండా, నీళ్లలో ఏళ్ల తరబడి పడి ఉన్నా పాడవని కేబుల్ గురించి ఆలోచించండి. పైపు ఉండేది కేబుల్‌ని గడ్డపార నుంచి, ఎలుకల నుంచి కాపాడటానికి, రేపు కేబుల్ మార్చాల్సి వస్తే మళ్లీ తవ్వే పని లేకుండా ఉండటానికి.

ఏ కేబుల్ కొనాలి

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి జెల్లీ ఫిల్డ్ టెలిఫోన్ కేబుల్. లోపల వైర్ల మధ్య సందుల్లో గ్రీజు లాంటి జెల్లీ నింపి ఉంటుంది, పైన నల్లటి పాలిథిన్ తొడుగు. తొడుగుకి ఎక్కడైనా గాటు పడినా ఆ జెల్లీ వల్ల నీళ్లు కేబుల్ పొడవునా పాకలేవు. టెలిఫోన్ వాళ్లు దశాబ్దాలుగా రోడ్ల కింద వేసింది ఈ జాతి కేబులే. ఒక ఫోన్‌కి ఒక జత వైర్లు చాలు, కానీ కనీసం రెండు జతలున్నది తీసుకోండి, ఐదు జతలది దొరికితే ఇంకా మంచిది. ఒక జత పోయినా ఇంకోటి చేతిలో ఉంటుంది. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ ఉన్నది అడగండి. ఇనుప తీగ అల్లిన ఆర్మర్డ్ రకం కొంచెం బరువు, వంచడం కష్టం, అయినా పందికొక్కులు తిరిగే పెరడైతే అదే కొనండి. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన తెలుగు పందికొక్కు నుంచే వెళ్లింది. దాని పళ్ల సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండోది బయట వాడే క్యాట్ సిక్స్ కేబుల్. ఇందులో నాలుగు జతలుంటాయి, ఒక జతని ఫోన్‌కి వాడుకోవచ్చు. షెడ్డులో రేపు ఇంటర్నెట్ కావాలంటే ఇది పనికొస్తుంది, ఇల్లూ షెడ్డూ 100 మీటర్ల లోపు ఉండాలి అంతే. కొనేటప్పుడు భూమిలో పూడ్చే రకమేనా, జెల్ ఉందా అని గట్టిగా అడగండి. తొడుగు నల్లగా కనిపించినంత మాత్రాన సరిపోదు. ఒక కొన కోయించి చూడండి, వేళ్లకి జిగురు అంటాలి.

రెండూ కావాలనుకుంటే రెండూ ఒకే పైపులో వేయొచ్చు. కరెంటు వైరు మాత్రం ఎంత చిన్నదైనా ఆ పైపులోకి రాకూడదు. అందులో ఒక తొడుగు దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా మీ చేతిలోని రిసీవర్‌లోకి వస్తాయి.

ఎప్పుడు, ఎక్కడ తవ్వాలి

చెన్నైలో ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తవ్విన చోటల్లా నీళ్లు ఊరతాయి. మే నెలలో మా బంకమట్టి రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడే చేయాల్సి వస్తే ముందు రోజు సాయంత్రం గీత గీసిన దారంతా నీళ్లు పోసి ఉంచండి, పొద్దునకి గడ్డపార దిగుతుంది. నీలాంకరై, తిరువాన్మియూరు వైపు సముద్రం దగ్గరి ఇసుక నేలలో తవ్వడం సులువే, కానీ పక్కలు కూలిపోతుంటాయి. అక్కడ ఒకేసారి మొత్తం తవ్వకండి, పది అడుగులు తవ్వి పైపు దించి పూడ్చుకుంటూ వెళ్లండి.

పార పట్టేముందు పెరడంతా ఒకసారి నడవండి. సంపు ఎక్కడుంది, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది, బోరు మోటారు వైరు ఏ దారిన పోతోంది, ఈబీ (కరెంటు బోర్డు) మీటరు నుంచి కేబుల్ భూమిలోంచి వస్తోందా? తమిళనాడులో 2003 నుంచి వాననీటి ఇంకుడు ఏర్పాటు ప్రతి ఇంటికీ తప్పనిసరి కాబట్టి, డాబా మీంచి దిగే గొట్టం ఏ గుంతలోకి పోతోందో కూడా చూసుకోండి. ఇల్లు కట్టించిన పెద్దవాళ్లుంటే వాళ్లని వెంట తిప్పి అడగండి. మా అమ్మకి గుర్తుండబట్టి సరిపోయింది, లేకపోతే పాత నీళ్ల పైపు పగిలేది. ఈబీ కేబుల్ ఎక్కడుందో తెలియకపోతే ఆ వైపు గడ్డపార వేయొద్దు. ఈబీ ఆఫీసుకి చెప్పి, మనిషి వచ్చి చూపించాకే మొదలుపెట్టండి. కాంపౌండు లోపల మీ స్థలంలో వేసుకుంటున్నంత వరకే ఇది మీ పని. షెడ్డు రోడ్డుకి అవతల ఉంటే కార్పొరేషన్ అనుమతి లేకుండా రోడ్డు ముట్టుకోకండి.

దారి సాధ్యమైనంత తిన్నగా ఉండేలా చూసుకుని, తాడు కట్టి సున్నంతో గీత వేయండి. కొబ్బరిచెట్టు మొదలుకి మూడు నాలుగు అడుగులు ఎడంగా పోనివ్వండి. లోతు కనీసం అడుగున్నర, కారు వచ్చే చోట రెండు అడుగులకి పైనే. ఈ లోతు విషయంలో కూలీలతో రాజీ పడకండి. జానెడు లోతులో వేసిన లైన్ మొదటి మల్లెపాదుకే తెగుతుంది.

షెడ్డుకి కరెంటు కూడా ఇదే కాలువలోంచి తీసుకెళ్లాలనుకుంటే కాలువ ఇంకా లోతుగా తవ్వి, కరెంటు పైపు అడుగున వేసి, దానిపైన అడుగు మందం మట్టి నింపి, ఆపైన ఫోన్ పైపు వేయండి. ఎక్కడైనా రెండూ దాటుకోవాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి. పక్కపక్కనే దూరం నడిస్తే ఫోన్‌లో గుయ్యిమని మోత వినిపిస్తుంది.

పైపు, దాని లోపలికి కేబుల్

పది అడుగుల పీవీసీ ముక్కలు అతికించుకుంటూ పోవచ్చు. నేను మాత్రం బోర్లకి వాడే నల్లటి హెచ్‌డీపీఈ పైపే తీసుకోమంటాను. చుట్టగా వస్తుంది కాబట్టి ముప్పై నలభై మీటర్ల దూరమైనా ఒక్క అతుకు ఉండదు. అంగుళం సైజు చాలు. కొన్నాక చుట్ట విప్పి రెండు చివర్లా ఇటుకలు పెట్టి ఒక పూట ఎండలో పరచండి. మన ఎండకి అది మెత్తబడి తిన్నగా అవుతుంది. చుట్టగా ఉన్నదాన్ని అలాగే కాలువలో పెడితే పాములా పైకి లేస్తుంది.

కేబుల్‌ని పైపులోకి ఎక్కించడానికి మంచి సమయం కూడా అదే, పైపు ఇంకా నేల మీద తిన్నగా ఉన్నప్పుడే. పూడ్చాక లాగుదామని ఆగకండి. సన్నటి ప్లాస్టిక్ కవరు ముక్కని ఉండలా చేసి నైలాన్ దారం కట్టి ఒక చివర పెట్టండి. రెండో చివర వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి స్విచ్ వేస్తే దారం క్షణాల్లో అవతలికి వస్తుంది. ఆ దారంతో గట్టి తాడు లాగి, తాడుకి కేబుల్ కట్టండి. కేబుల్‌తో పాటు ఇంకో నైలాన్ తాడు కూడా కట్టి లోపలికి పంపి అక్కడే వదిలేయండి. రేపు ఇంకో కేబుల్ కావాలంటే అదే లాగుతుంది.

ఒకరు ఇటునుంచి నెమ్మదిగా తోస్తుంటే ఇంకొకరు అటునుంచి లాగాలి. క్యాట్ సిక్స్ కేబుల్‌ని దాదాపు 11 కిలోల బలానికి మించి లాగకూడదు, లోపలి మెలికలు సాగిపోతాయి. అంటే ఒంటి చేత్తో లాగితే వచ్చేంత. పట్టేస్తే వెనక్కి తీసి మళ్లీ ప్రయత్నించండి, కాలు తన్నిపెట్టి గుంజకండి. జారడానికి చాలామంది సబ్బునీళ్లు పోస్తారు. అది వద్దు. డిటర్జెంటు తగిలితే పాలిథిన్ తొడుగు కాలక్రమేణా పగుళ్లిస్తుంది. టాల్కం పౌడర్ చల్లితే సరిపోతుంది.

రెండు చివర్లా కనీసం రెండేసి మీటర్లు అదనంగా వదలండి. మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు. కేబుల్ పది అడుగులు తక్కువైందా, అది పక్కన పెట్టి సరిపడా పొడవున్నది కొనండి. మా మొదటి లైన్ చచ్చిపోయింది ఆ ఒక్క అతుకు వల్లే.

గోడ ఎక్కే చోటు

భూమిలోపల బాగానే ఉన్న లైన్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మట్టిలోంచి పైకి వచ్చే వంపులో మోచెయ్యి లాంటి 90 డిగ్రీల ఎల్బో పెట్టకండి, నిదానంగా తిరిగే పొడవాటి బెండ్ వాడండి. నేలకి కిందా పైనా ఒక అడుగు చొప్పున జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) తొడిగితే పందికొక్కులు, గడ్డికత్తి, పిల్లల క్రికెట్ బ్యాటు, వేటితోనూ భయం ఉండదు.

భూమిలోంచి వచ్చిన కేబుల్‌ని లోపలి ఫోన్ వైరుతో కలిపే పెట్టె ఎంత ఎత్తులో బిగించాలంటే, 2015లో మీ గోడ మీద నీటి గీత ఎక్కడి దాకా వచ్చిందో చూడండి. మా ఇంట్లో ఆ మరక సున్నం కొట్టినా ఇంకా లీలగా కనిపిస్తుంది. దానికి ఒక అడుగు పైన పెట్టె పెట్టాం. మీ వీధిలోకి అప్పుడు నీళ్లు రాకపోయినా నడుము ఎత్తుకి తగ్గించొద్దు.

గోడకి బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లుని లోపలి నుంచి బయటికి కాస్త కిందకి వాలేలా పట్టండి. బయట కేబుల్‌ని బెజ్జం కంటే కిందకి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి. వాననీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి, లోపలికి రావు. పైపు మూతి దగ్గర స్టీలు పీచు కుక్కి ఆపైన సీలెంట్ పూయండి. ఉత్త ఫోమ్ అయితే ఎలుకలు ఒక్క రాత్రిలో కొరికేస్తాయి.

జెల్లీ కేబుల్‌ని ఇంటి లోపల దూరం తిప్పకండి, వేసవిలో జెల్లీ కరిగి గోడ మీదికి కారుతుంది. బెజ్జం పక్కనే ఉన్న పెట్టెలో దాన్ని ఆపి, అక్కడి నుంచి మామూలు ఫోన్ వైరు వేసుకోండి. తొడుగు ఒలిచాక జెల్లీని పొడిగుడ్డతో తుడిచి, మిగిలింది కిరోసిన్ అద్దిన గుడ్డతో తీయండి.

కనెక్షన్లు

ఈ రోజుల్లో చాలా ఇళ్లలో పాత రాగి లైన్ పోయి ఫైబర్ వచ్చింది. మీదీ అలాంటిదే అయితే షెడ్డు లైన్ మొదలయ్యేది మోడెమ్ వెనక ఉన్న ఫోన్ పోర్టు నుంచి. పాత రోజుల్లో ఫోన్‌కి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పలికేది. ఇప్పుడు మోడెమ్ ఆగితే ఫోన్ కూడా మూగబోతుంది. వయసు మళ్లినవాళ్ల కోసం ఈ లైన్ వేస్తుంటే మోడెమ్‌కి చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టండి. తుఫాను రోజున కరెంటు పోయినప్పుడే కదా షెడ్డులో ఉన్న మనిషి గురించి మనకి టెన్షన్.

వైర్లు ముట్టుకునే ముందు లైన్ ఊడదీయండి. ఫోన్ లైన్లో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, అది పెద్దగా తెలియదు. కానీ ఆ సమయంలో కాల్ వస్తే గంట కోసం 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది, చెమట చేతికి గట్టిగానే కొడుతుంది. ఉరుములు వినిపిస్తుంటే ఆ రోజుకి పని ఆపేయండి.

ఇంటి వైపు షెడ్డు లైన్‌ని నేరుగా మెలిపెట్టి కలిపేయకుండా ఒక రోజెట్ బాక్స్ (ఫోన్ ప్లగ్గు దూర్చే చిన్న సాకెట్ పెట్టె) పెట్టి, ప్లగ్గు తీసి పెట్టేలా చేసుకోండి. రెండు ఫోన్లూ ఒకే జత మీద ఉంటాయి కాబట్టి షెడ్డు వైపు వైర్లు ఒకదానికొకటి తగిలితే ఇంట్లో ఫోన్ కూడా ఆగిపోతుంది. ప్లగ్గు ఉంటే అది లాగేసి ఇంటి ఫోన్‌ని వెంటనే బతికించుకోవచ్చు, తప్పు ఎటు వైపుందో కూడా తెలిసిపోతుంది.

రెండు చివర్లా ఒకే జతని వాడండి. తెలుపూ నీలం ఒక జత, తెలుపూ నారింజ ఇంకో జత. ఒక జతలోంచి నీలం, ఇంకో జతలోంచి నారింజ తీసుకుని కలిపినా ఫోన్ పని చేస్తుంది, అందుకే ఈ తప్పు వెంటనే బయటపడదు. కానీ ఒకదానితో ఒకటి మెలిక లేని వైర్లు చుట్టుపక్కల కరెంటు మోతని లాక్కుంటాయి. ఫోన్ ప్లగ్గులో మనకి కావలసింది నడిమి రెండు పిన్నులు. పెట్టెల్లో వైర్లు కలిపే చోట ఇన్సులేషన్ టేపు బదులు టెలిఫోన్ లైన్‌మెన్ వాడే, లోపల జెల్ ఉన్న చిన్న కనెక్టర్లు కొనండి. వైర్లు దూర్చి ప్లయర్‌తో నొక్కితే చాలు, చిలుము పట్టదు.

పిడుగు సంగతి వదిలేయకండి. కొబ్బరిచెట్టు మీదో పక్క వీధిలోనో పిడుగు పడితే ఇంటి కింద నేలకీ షెడ్డు కింద నేలకీ మధ్య క్షణం పాటు వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ రెండింటినీ కలిపే రాగి దారి మీ కేబులే. రెండు చివర్లా గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (వోల్టేజి హద్దు దాటితే దాన్ని నేలలోకి దించేసే చిన్న గొట్టం) ఉన్న ప్రొటెక్టర్ బిగించి, పొట్టి మందపాటి వైరుతో ఆయా ఎర్తింగ్‌కి కలపండి. ట్యూబ్ 230 వోల్టులది కావాలి. గంట మోగేటప్పుడు 90 వోల్టుల ఏసీ శిఖరం 127 దాకా పోతుంది, దానికి 48 కలిస్తే 175. అంతకంటే తక్కువ రకం పెడితే గంట మోగిన ప్రతిసారీ అది లైన్‌ని నేలకి దించేస్తుంది. షెడ్డులో ఎర్తింగ్ లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత ముందు అది పెట్టించండి. షెడ్డుకి ఇంటర్నెట్ ఒక్కటే కావాలనుకునేవాళ్లు, లోహం లేని ఫైబర్ వేసుకుంటే ఈ పిడుగు బెడదే ఉండదు.

పూడ్చేముందు పరీక్ష

మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి, మామూలు రకం చాలు. లైన్ ఊడదీసి, ప్రొటెక్టర్లు తీసి ఉంచి, షెడ్డు వైపు జతలోని రెండు వైర్లు కలిపి పట్టుకోమనండి. ఇంటి వైపు ఓమ్స్ కొలవండి. 0.5 మిల్లీమీటర్ల తీగ కిలోమీటరుకి రానూపోనూ దాదాపు 176 ఓమ్స్ ఉంటుంది, కాబట్టి 40 మీటర్లకి ఏడు ఓమ్స్ దగ్గర రావాలి. ముప్పై నలభై చూపిస్తే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉంది. తర్వాత వైర్లు విడదీసి, మీటరు అత్యధిక రేంజిలో పెట్టి మళ్లీ చూడండి. ఏ అంకే రాకూడదు. ఏదైనా వస్తే తొడుగు ఎక్కడో చీరుకుంది.

తర్వాత లైన్ కలిపి, సెల్‌ఫోన్ నుంచి కాల్ చేసి రెండు ఫోన్లూ మోగుతున్నాయా వినండి. షెడ్డు ఫోన్ ఎత్తి ఒక నిమిషం మాట్లాడండి.

ఇక్కడ చాలామంది నన్ను అడిగేది, ఇంట్లోంచి షెడ్డుకి ఫోన్ చేయొచ్చా అని. ఒకే లైన్ మీద ఉన్న రెండు ఫోన్లు ఒకదాన్నొకటి పిలవలేవు. మీకు కావలసింది అదే అయితే చిన్న ఈపీఏబీఎక్స్ పెట్టె కొనండి, అంటే ఆఫీసుల్లో ఉండే ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజి లాంటిది. బయటి లైన్ దానికి ఇచ్చి, హాల్లో ఒక ఎక్స్‌టెన్షన్, షెడ్డులో ఇంకొకటి పెడితే రెండు అంకెలు నొక్కి పిలుచుకోవచ్చు. మా ఇంట్లో తర్వాత అదే పెట్టాం. అమ్మ ఇప్పుడు అన్నానికి దాంట్లోంచే పిలుస్తుంది. భూమిలో వేసిన కేబుల్ మాత్రం అదే, ఏమీ మార్చక్కర్లేదు. ఈపీఏబీఎక్స్‌కి కూడా మోడెమ్ లాగే కరెంటు కావాలి, దాన్నీ యూపీఎస్ మీదే పెట్టండి.

పూడ్చడం

కాలువ అడుగున రాళ్లు, వేర్లు ఏరేసి రెండు అంగుళాలు ఎం శాండ్ (రాళ్లు పిండి చేసిన ఇసుక) పరచండి. పైపు దించి ఇంకో నాలుగు అంగుళాలు ఇసుక వేయండి. ఆపైన ఇటుకలు వరసగా పేర్చుకుంటూ పోండి. భవిష్యత్తులో ఎవరు తవ్వినా గడ్డపారకి ముందు ఇటుక తగిలితే ఆగుతారు. ఇటుకల మీద కొంత మట్టి పడ్డాక ఎర్రటి హెచ్చరిక టేపు పరవండి. మిగిలిన మట్టిని ఒకేసారి నెట్టకుండా అర అడుగు చొప్పున వేసి దిమ్మిస చేయండి. బంకమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది కాబట్టి పైన రెండు అంగుళాలు ఎత్తుగా వదలండి, మొదటి వానాకాలంలో సమం అవుతుంది.

పూడ్చకముందే ఫోటోలు తీయండి, ప్రతి మలుపు దగ్గర కొలత టేపు పరిచి గోడ నుంచి ఎంత దూరమో అంకె కనిపించేలా. అదే కొలతలతో కాగితం మీద ఒక బొమ్మ గీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఈబీ మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అతికించండి. సెల్‌ఫోన్లు మారిపోతాయి, మీటరు పెట్టె అక్కడే ఉంటుంది. అక్టోబరులో మొదటి పెద్ద వాన వెలిశాక రెండు చివర్లా పెట్టెలు తెరిచి చూడండి. ఎక్కడైనా తడి కనిపిస్తే సీలెంట్ మళ్లీ పూసి, మల్టీమీటరుతో ఇంకొకసారి కొలిచి, ఆ అంకెని కూడా తేదీతో సహా అదే కాగితం మీద రాసిపెట్టండి.